ఉమ్మడి లోకము

ఆటను గూర్చి ధర్మవిచారము చేయబూనుట కొందఱు పాఠకులకు నవ్వు పుట్టింపవచ్చును. చదరంగములో గుఱ్ఱము ఏల వంకరగా దుముకవలెనని ఎవ్వరును ధర్మశాస్త్రమును అడుగరు. నచ్చినంతసేపు ఆడుదురు, విసిగినప్పుడు పావులు పెట్టెలో వైచి లేతురు. మేమును మొన్నటి వేసవి వఱకు ఇట్లే తలంచుచుంటిమి. అప్పుడు మా యింట జరిగిన యొక చిన్న తగవు మమ్ము చాలదినములు ఆలోచింపజేసినది.

మా మేనకోడలును ఆమె స్నేహితులు నలుగురును ఆదివారపు మధ్యాహ్నములందు మా వసారాలో కూడి పాత్రధారణ క్రీడ యనదగిన యొక ఆట నాడుచుందురు. రోల్ ప్లేయింగ్ ఆట యని వారనుకొందురు. అయిదుగురును గలసి యొక పాత రేవుపట్టణమును ఊహించుకొని, తలకొక పేటను పంచుకొని కల్పించిరి. మా మేనకోడలి వంతునకు నేతగాండ్ర వీధి వచ్చినది. ఆ వీధిలో పదునొకండు ఇండ్లు. ఏ యింట ఎన్ని మగ్గములున్నవి, ఎవరికెవరితో మాటలు లేవు, ఏ ముసలమ్మ అద్దకపు రంగు కలుపు రహస్యమును కోడలికి సయితము చెప్పక దాచుకొన్నది, ఇదంతయు ఆమె మూడు నెలలు కూర్చుండి ఒక నోటుపుస్తకములో వ్రాసికొన్నది. ఒక ఆదివారము జ్వరముచేత ఆమె ఆటకు రాలేకపోయినది. మఱుసటి వారము వచ్చి కూర్చుండగనే, ఆ వీధి కాలిపోయినదని తక్కినవారు చెప్పిరి.

"పాచికలు అలా పడ్డాయి, మేమేం చేస్తాం?" అని వారిలో నొకడనెను. ఆమె మావైపు తిరిగి "మామయ్యా, నేను లేనప్పుడు నా వీధిని తగలబెట్టేశారు" అని కన్నీరు పెట్టుకొన్నది. మేము నవ్వితిమి. లేని వీధి కాలిన నేమి, కాలకున్న నేమి యని మా నవ్వునకు అర్థము. ఆమె ఆ నవ్వును చూచి నోటుపుస్తకము మూసి లోపలికి వెళ్లిపోయినది. ఆ నవ్వు తప్పని తెలిసికొనుటకు మాకు కొన్ని దినములు పట్టినది.

ఈ యాటను ఎఱుగనివారికై కొంత చెప్పవలెను. ఇందు పటము తప్పనిసరి కాదు, గెలుపోటములు లేవు. ఒకరు సూత్రధారులై లోకమును వర్ణింతురు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో నోటితో చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైనచోట పాచికలు వేయుదురు. మన వీథినాటకమునకును పిల్లల బొమ్మల పెండ్లికిని నడుమ దీని స్థానమని చెప్పవచ్చును. నియమములు మాత్రము లెక్కల పుస్తకమువలె నుండును. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 1974లో మూడు చిన్న పుస్తకములుగా ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తో ఈ జాతి ఆటలు లోకమున వ్యాపించినవి. మొదట అచ్చువేసినవి వేయి ప్రతులు మాత్రమే. అదియు ఒకరి నియమమును మఱియొకరు మార్చుకొనుటవలననే పుట్టినది. గైగాక్స్ మఱియొకరితో గలసి 1971లో వెలువరించిన యుద్ధక్రీడా నియమములను ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ అను కల్పితసీమకు తెచ్చుకొని, అవి చాలనిచోట సొంతవి చేర్చి ఆడి, దానిని గైగాక్స్‌నకు చూపెను. ఆ పిమ్మట 1979లో తన భాగమును గూర్చి ఆర్నెసన్ న్యాయస్థానమున కెక్కెను. 1981లో రాజీ కుదిరినది. ఉమ్మడిగా కల్పించినదానిలో ఎవరి వంతు ఎంత యను ప్రశ్న ఈ యాటకు కవల తోబుట్టువన్నమాట.

మొదటి నియమగ్రంథములు ఒక్కొక్క తీరు లోకమునకే కొలిచి కుట్టిన చొక్కాలు. రాక్షసులతోడి ఖడ్గయుద్ధమునకు పనికివచ్చినది ఓడవర్తకమునకు పనికిరాదు. అందుచే ఏ లోకమునకైనను సరిపడు సాధారణ నియమములను వ్రాయవలెనను కోరిక కొందఱికి కలిగినది. 1986లో టెక్సాస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున స్టీవ్ జాక్సన్ 'గర్ప్స్' అను పేర వెలువరించినది ఇట్టివానిలో మిక్కిలి విస్తృతమైనది. మా వసారాలోని పిల్లలు వాడుకొనునది దాని నాలుగవ కూర్పు, 2004 నాటిది. ఆటయే గదా యని మావలె నవ్వువారికి ఒక ముచ్చట: 1990 మార్చి 1న ఆ సంస్థ కార్యాలయముపై అమెరికా ప్రభుత్వపు రహస్య విభాగమువారు దాడిచేసి, అచ్చునకు సిద్ధమగుచున్న యొక ఆటపుస్తకపు ప్రతిని కంప్యూటర్లతో సహా మోసికొనిపోయిరి. 1993లో న్యాయస్థానము సంస్థ పక్షమున తీర్పు చెప్పినది. ప్రభుత్వములే కల్పనను చూచి జడిసికొనగా మా మేనకోడలు ఏడ్చుటలో వింత యేమున్నది?

సాధారణ నియమము అంగడిలో దొరకు తెల్లని తానువంటిది. తనకు తగినట్లు ఎవరికి వారు కత్తిరించుకొనవలెను. ఏ గుణమునకు ఎంత విలువ, ఏ లోపమునకు ఎంత పరిహారము, ఈ పట్టణములో ఏది సాధ్యము, ఏది కాదు, అన్నియు ఆ కత్తెరపనిలోనే తేలును. ధర్మప్రశ్న పుట్టునదియు అచ్చటనే.

గర్ప్స్ పద్ధతి ప్రకారము ప్రతి యాటగానికిని సమానముగా కొన్ని పాయింట్లు ఇత్తురు. వానితో బలమును, నేర్పును, విద్యను కొనుక్కొనవలెను. పాత్రకు ఏదైన లోపమున్నచో, దానికి బదులుగా మఱికొన్ని పాయింట్లు చేతికి వచ్చును. గ్రుడ్డితనమునకు 50. ఒంటికన్నునకు 15. ఇంతవఱకు న్యాయముగనే యున్నది. కాని అదే పట్టికలో మఱికొంత దూరము చదివినచో, చట్టము మీఱని నిజాయితీకి 10, అబద్ధమాడజాలని స్వభావమునకు 5, శాకాహారమో బ్రహ్మచర్యమో వ్రతముగా పూనినచో 5 అని కనబడును. పట్టిక పేరు లోపముల పట్టిక. హరిశ్చంద్రుడు ఈ పుస్తకమును ముందిడుకొని కూర్చున్నచో, సత్యమును లోపముగా వ్రాసికొని, వచ్చిన అయిదు పాయింట్లతో ఇంచుక కత్తిసాము నేర్చియుండును. భీష్ముని బ్రహ్మచర్యమునకు ఇచ్చట వంకాయకూరతో సమానమైన వెల.

మేము మొదట దీనిని చూచి ముక్కున వ్రేలిడుకొంటిమి. మన వైకుంఠపాళిలో సద్గుణములు నిచ్చెనలు, దుర్గుణములు పాములు. ఆ పటము పందొమ్మిదవ శతాబ్దపు చివర ఇంగ్లండు చేరి, అచ్చటి నీతులను ధరించి, తరువాత ఆ నీతులను గూడ జాఱవిడిచి, వట్టి పాములు నిచ్చెనల ఆటయై మన యంగళ్లకే తిరిగి వచ్చినది. అది వేఱు కథ. సత్యము నిచ్చెన యనునది మన పటము. సత్యము బరువు అనునది వారి పట్టిక. ఏది నిజము? గ్రంథకర్తలు సత్యము చెడ్డదని యనలేదు. సత్యవ్రతుడు తన దారులలో కొన్నింటిని తానే మూసికొనును గావున, మూసికొన్నదానికి పరిహారమిచ్చిరి. ఆలోచించి చూడగా, అనుభవము వారి పక్షమే మాటాడుచున్నదని మాకు తోచినది. సత్యము పలికినవాడు తక్షణము పై వరుసకెక్కుట మేము చూచియుండలేదు. వెల చెల్లించుటయే చూచితిమి. ఐనను ఆ పట్టికలో నొక లోటున్నది. వెలను ముందుగనే తిరిగి చేతిలో పెట్టుచున్నది. పరిహారము పుచ్చుకొని పలికిన సత్యము హరిశ్చంద్రుని సత్యము కాదు. మా మేనకోడలి బృందము ఈ విషయమున ఏమి చేసినదని యడుగగా, తమ పట్టణములో సత్యమునకు పాయింట్లు ఇచ్చుట మానివేసితిమని చెప్పిరి. "కావాలనుకున్నవాళ్లు ఊరికే మాట నిలబెట్టుకుంటారు మామయ్యా" అని ఆమె యన్నది. పుస్తకములో లేని సవరణ. అయిదుగురును కూర్చుండి ఒప్పుకొన్నది.

ఇంతకన్న కఠినమైన సవరణ మఱియొకటి వారికి తటస్థించినది. వారి పట్టణము పదునేడవ శతాబ్దమున గోలకొండ సుల్తానుల యేలుబడిలో కృష్ణ సముద్రమున గలియు చోటికి దాపున ఉన్నట్లు ఊహించుకొన్నది. ఇంగ్లీషువారు 1611లో వచ్చి దిగిన మచిలీపట్నమే దానికి మాతృక. వారిలో నొక పిల్లవాడు ఊరి వెలుపల తోలుపని చేయువారి పేటను తన వంతుగా కోరి, ఆ పేటలోని యువకుని తన పాత్రగా ఎన్నుకొనెను. గర్ప్స్ పట్టికలో దీనికిని చోటున్నది. సంఘము నీచముగా చూచు పుట్టుక గలవానికి అది లోపము. దానికి ఇన్ని పాయింట్లని లెక్క. సూత్రధారిణి సద్బుద్ధితోనే పుస్తకము తెఱచి పాయింట్లు ఇవ్వబోయినది. పిల్లవాడు పుచ్చుకొనలేదు.

"ఊరు చేసిన తప్పు నా మనిషి లోపం ఎలా అవుతుంది? రాస్తే ఊరి కాగితం మీద రాయండి."

"అలా రాస్తే నీకు పాయింట్లు రావు. మా అందరికంటే వెనకబడతావు."

"రాకపోనీ."

మఱియొకడు, ఈ గొడవ అంతయు ఏల, మన ఊరిలో అంటరానితనము లేదని వ్రాసికొందము, ఆదివారము పూట సంతోషముగా ఆడుకొందము అని సూచించెను. ఆ సూచనలోనూ సద్బుద్ధియే కలదు. కాని తోలుపేట పిల్లవాడు చాలసేపు మాటాడక, "లేదని రాస్తే మా తాతయ్య చెప్పినవన్నీ అబద్ధాలా?" అనెను. వసారాలో నిశ్శబ్దమైనదట. ఆ దినమున మేము ఇంట లేము. తరువాత విన్న సంగతి ఇది.

సంఘసంస్కరణమును గూర్చి ఈ దేశమున ఎన్ని సభలు జరిగినవో లెక్క లేదు. ఆ పిల్లవాని మాటలోని భేదమును ఇంత తేటగా చెప్పిన ఉపన్యాసము మాకు జ్ఞాపకము వచ్చుట లేదు. ఒకనికి జరిగిన అన్యాయమును వాని గుణముగా వ్రాయుట యొక తీరు. చేసినవారి గుణముగా వ్రాయుట యింకొక తీరు. పాచికలలో వచ్చు అంకె రెంటను ఒకటే కావచ్చును. వ్రాసిన కాగితము వేఱు. వారు చివరకు ఊరి కాగితము మీదనే వ్రాసిరి. ఏ పేటవారు తలుపు మూయుదురో, మూసినందున ఆ పేటకు ఏమి కొఱవడునో గూడ దాని ప్రక్కన వ్రాసిరి. తోలుపేటతో పని మాన్పించుకొన్న రైతునకు మోటకు తోలుబాన యుండదు. బాన లేనిదే నూతినీరు చేనికి రాదు. ఈ వరుస వ్రాసినది సూత్రధారిణి. పుస్తకమును ఇంత చక్కగా మీఱిన శిష్యురాలిని చూచి స్టీవ్ జాక్సన్ సంతసించియుండునని మా నమ్మకము.

అంకెలను గూర్చి యొక మాట చెప్పక తప్పదు. ఏలయనగా ఈ యాటలో తప్పులు చిన్న అంకెల చాటుననే దాగుకొనును. గర్ప్స్‌లో మూడు పాచికలు వేసి, మొత్తము తన నేర్పుకంటె మించకున్నచో కార్యము సఫలము. మూడు పాచికలు పడదగు విధములు 216. నేర్పు 10 గల సామాన్యునికి అందు 108, అనగా సరిగా సగము, అనుకూలములు. ఎవరైనను "ఇతనికి రెండు తగ్గింతము, రెండే కదా" అన్నచో నేర్పు 8 అగును; అనుకూలములు 56కు పడిపోవును. సగమున్నది ఇంచుమించు పాతిక యైనది. అదే రెండు నేర్పు 16 గల ప్రవీణునికి తగ్గించినచో 212 నుండి 196కు దిగును. వానికి అది తెలియనే తెలియదు. అనగా ఒకే తగ్గింపు ప్రవీణుని చొక్కా యంచును తాకి పోవును, సామాన్యుని నడుము విఱుచును. లోకములో జరుగునదియు ఇంతే. అణగిన కులములనుండి యొకడు మహాప్రవీణుడై పైకివచ్చినచో, చూచితిరా, అడ్డేమున్నదని వానిని చూపుదురు. నడిమి శక్తి గల వేలమందికి ఆ రెండు ఏమి చేసినదో ఎవరును లెక్కింపరు. పాచికల పట్టిక చూచిన తరువాత మాకు ఈ సంగతి కంటికి కట్టినట్లయినది.

స్త్రీల విషయమున గూడ ఇట్టి అంకె యొకటి చాలకాలము నిలిచినది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వారి 1978 నాటి పెద్ద నియమగ్రంథములో స్త్రీ పాత్రల బలమునకు పురుషులకన్న తక్కువ హద్దు గీచిరి. మంత్రముతో కొండలు కదల్చు లోకములో, గరుడపక్షులవంటి పక్షులు మాటాడు లోకములో, స్త్రీ బాహుబలము మాత్రము నమ్మదగినంతలో నుండవలెనట! 1989 నాటి రెండవ కూర్పులో ఆ హద్దు తొలగినది.

ఇక కాలిన వీధి సంగతి.

కల్పితలోకమును ఒకడు పుట్టించి పదుగురకు పంచినప్పుడు, తరువాత దానిని మార్చు హక్కు ఎవరిది? గ్రెగ్ స్టాఫర్డ్ అను నాతడు 1966లో, కళాశాల విద్యార్థిగా నుండగా, గ్లొరాంథా అను లోకమును గూర్చి వ్రాయ మొదలుపెట్టెను. 1975లో దానిపై నొక ఆట, 1978లో 'రూన్‌క్వెస్ట్' అను పాత్రధారణ నియమగ్రంథము వెలువడినవి. 1980లో ఆ నియమములను పిండి పదునాఱు పుటలకు కుదించి, ఏ లోకమునకైనను వాడుకొనదగునట్లు ప్రకటించిరి. దేశదేశముల పాఠకులు గ్లొరాంథాలో తమ తమ యూళ్లను, దేవతలను, కర్మకాండలను కల్పించుకొనిరి. కొన్నియేండ్లకు స్టాఫర్డ్ క్రొత్త పుస్తకమొకటి వ్రాయును; అందు పాఠకుని కల్పనకు విరుద్ధమైనది ఉండును; పాపము, పాఠకుని ఊరు ఒక్క పేరాతో మాయమగును. ఇట్టి దెబ్బకు ఆ పాఠకలోకమువారు గ్రెగ్ పేరుతోనే యొక క్రియాపదమును పుట్టించుకొనిరి. ఆతడు దీనిని ఎఱిగి, మీ గ్లొరాంథా నా గ్లొరాంథావలె నుండనక్కఱలేదు, మీది మీదే, అను భావమును ఒక సామెతగా ప్రచారములో పెట్టెను. 2018లో ఆతడు మరణించిన తరువాతను ఆ మాట బ్రదికియున్నది.

ఈ యౌదార్యము మెచ్చదగినదే. మన భారత రామాయణములకును ఇట్టి యౌదార్యమే ప్రాణము. వ్యాసభారతములో లేని శశిరేఖ మన తెలుగువారికి సుభద్రకన్న దగ్గఱ చుట్టము. కాని ఎవరి లోకము వారిది యన్నమాట దూరదూరముల నున్నవారికే చాలును. ఒకే చాపమీద కూర్చున్న అయిదుగురకు చాలదు. వారికి నేతవీధి రెండు విధముల నుండరాదు. కాలినదైన కావలెను, కాలనిదైన కావలెను.

లేనివాని పక్షమున వ్రాయవలసివచ్చినప్పుడు ఎట్లు వ్రాయవలెనో మన కవులలో నొకరు చూపియున్నారు. నన్నయ పదునొకండవ శతాబ్దమున భారతమును తెలిగింప మొదలిడి అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన పదుమూడవ శతాబ్దమున ఆ శేషమును ముట్టక విరాటపర్వమునుండి ఎత్తుకొనెను. పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱన ఆ లోటును పూరించెను. పూరించుటలో నన్నయ శైలితో మొదలుపెట్టి క్రమక్రమముగా తిక్కన శైలిలోనికి దించెననియు, తన భాగమును గూడ నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునకే అంకితము చేసెననియు మన పండితులు చెప్పుదురు. అతుకు కనబడకుండ కుట్టిన చేయి అది. తాను రాజును చూచియుండలేదు, నన్నయను చూచియుండలేదు. ఐనను వారు ఎదుట కూర్చున్నట్లే నడచుకొనెను. మా వసారాలోని నలుగురు తమ స్నేహితురాలిని ప్రతిదినము చూచువారు. ఆమె ఒక్క ఆదివారము కనబడనంతనే ఆమె భాగము దిక్కులేని సొమ్మైనది.

చట్టము ఇచ్చట సాయపడదు. ఆట యొక్క పద్ధతి ఎవరి సొత్తును కాదనియు, దానిని వ్రాసిన మాటలే గ్రంథస్వామ్యమునకు లోబడుననియు అమెరికాలో సయితము సూత్రము. ఐనను మాట యిచ్చి మార్చుటను గూర్చి 2023లో పెద్ద అలజడి చెలరేగినది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమములలో కొంతభాగమును ఎవరైన వాడుకొనవచ్చునని 2000లో ఆ సంస్థ బహిరంగముగా అనుమతిపత్రము నిచ్చియుండెను. దానిని నమ్మి ఎందఱో చిన్న ప్రచురణకర్తలు పుస్తకములు వ్రాసిరి, సంసారములు నడుపుకొనిరి. 2023 జనవరిలో, ఆ పత్రపు షరతులను మార్చు యత్నము బయటపడినది. పంట కోతకు వచ్చిన తరువాత కౌలుపట్టా దిద్దినట్లని ఆటగాండ్రు గగ్గోలు పెట్టిరి. ఆ నెల 27న సంస్థ వెనుకకు తగ్గి, తన మూలనియమములను ఎన్నటికిని వెనుకకు తీసికొనరాని క్రియేటివ్ కామన్స్ అనుమతి క్రింద విడిచిపెట్టినది. ఇందు నష్టమును మించి జనులను నొప్పించినది, తమ్ము అడుగకుండ మార్చబూనుటయే.

మన ఉమ్మడి కుటుంబపు ధర్మశాస్త్రము ఈ పిల్లలకు ఎక్కువ పనికివచ్చునేమో. అందు కర్తకు అధికారమున్నది. కాని ఉమ్మడి ఆస్తిని అమ్ముటకు కుటుంబావసరము చూపవలెను. తనకు తోచినదే చాలదు. ఆడపిల్లకు ఆ యాస్తిలో పుట్టుకతో వంతు ఇచ్చుటకు ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి శాసనమును, దేశమంతట 2005 నాటి శాసనమును రావలసియుండెను. అంతవఱకు ఆమె పెరిగిన యిల్లు ఆమె ఎదుటనే భాగములై పోవుచుండగా ఆమెను అడుగువారు లేరు. మా మేనకోడలి కన్నీటిని చూచి నవ్విన నవ్వు ఏ కాలపు నవ్వో మాకు అప్పుడు తెలిసినది. మఱుసటి దినమే ఆమెకు మా తప్పు ఒప్పుకొంటిమి.

"పాచికలు అలా పడ్డాయి" అన్న మాటను మాత్రము మేము ఒప్పుకొనము. పాచికలు తామై ఏ వీధికిని పోవు. దొంగలు ఏ పేటలో దూరవలెను, దివిటీ ఏ చూరును తాకవలెను అని ఎవరో నోటితో చెప్పిన పిమ్మటనే పాచికలకు పని. ఆ నోరు నలుగురిది. గర్ప్స్ పుస్తకములో అగ్ని యెంత హాని చేయునో, పొగలో ఎంతసేపు ఊపిరి బిగబట్టవచ్చునో లెక్కలున్నవి. వసారాకు రాని పిల్లయొక్క వీధిని గూర్చి అందు ఏమియు లేదు, ఉండదు. సాధారణ నియమము ఏ లోకమునకైనను సరిపడుట, ఎవరి మొగమును ఎఱుగకుండుటచేతనే. మొగములెఱిగినవారు ఆ పని చేసికొనవలసియుండెను. ఉప్పు ధరను గూర్చి సవరణ వ్రాసికొన్నవారు, ఒకరు రానినాడు వారి పేటను ఏమి చేయవలెనో వ్రాసికొనలేదు.

ఆ తరువాతి ఆదివారము నలుగురును ముందుగనే వచ్చి కూర్చుండిరి. సూత్రధారిణి, ఆనాటి ఆటను కొట్టివేసి వీధిని ఎప్పటివలె నుంచెదమని ప్రతిపాదించినది. అందఱును తల యూపిరి. ఒప్పుకొననిది మా మేనకోడలే. తోలుపేట యువకుడు ఆనాటి మంటలో చొచ్చి ముసలమ్మను వీపున మోసికొని వచ్చెనని ఆమె విన్నది. ఊరు తాకనొల్లని చేతులతో వచ్చిన పని అది. కొట్టివేసినచో అదియు లేనిదగును. "అతను తెచ్చింది మా అవ్వను. అది కొట్టేయడానికి నేను ఒప్పుకోను. కాలింది కాలిందే. కానీ ఏది కాలిందో, ఎవరు బతికారో నేను చెప్తాను" అన్నది. నోటుపుస్తకము తెఱచి, పదునొకండు ఇండ్లలో నాలుగింటిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసినది. ఒక్కొక్కదాని వద్ద కొంతసేపు ఆగినది. రంగు రహస్యము ముసలమ్మ తనను మోసిన యువకునికి చెప్పినదా లేదా యని యొకరడుగగా, అది అవ్వనే యడుగవలెనని బదులు చెప్పినది.

పుస్తకము చివరి ఖాళీపుటలో తోలుపేట పిల్లవాడు క్రొత్త నియమమును పెద్ద యక్షరములతో వ్రాసెను: రాని మనిషి పేటలో ఆనాడు పగలే కాని రాత్రి కాదు, ఎవరును పోరాదు. భాష కొంచెము తికమకగా నున్నదని మేమంటిమి, మార్చనియ్యలేదు.

పిమ్మట సూత్రధారిణి పాచికలు చేతబట్టి, ఎక్కడినుండి మొదలుపెట్టవలెనని యడిగెను. మా మేనకోడలు పుస్తకములోని పటముపై వ్రేలు నిలిపి, "వీధి మొదట్లో బావి ఉంది కదా. ఆ రోజు నీళ్లు తోడటానికి తోలుపేటవాళ్లను రానిచ్చారా?" అన్నది. నలుగురును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఆ సంగతి ఎవరును అనుకొనలేదు.